రాత్రి రాకెట్టు: కెమెరాకి చిక్కేదెంత, జారిపోయేదెంత

శ్రీహరికోట నుంచి రాత్రిపూట రాకెట్టు వెళ్ళిన మర్నాడు పేపర్లలో, ఫోన్లలో తిరిగే ఫొటోలు రెండు రకాలు. ఒకదాంట్లో రాకెట్టు వేదిక మీంచి అప్పుడే లేచి ఉంటుంది. కింద కళ్ళు చెదిరే తెల్లటి మంట, పక్కన పొగ గుట్టలు. పైన 'నింగిలోకి దూసుకెళ్లిన' అన్న శీర్షిక ఎలాగూ తప్పదు. రెండోదాంట్లో అసలు రాకెట్టే కనిపించదు. నేల దగ్గర పుట్టి, పైకి లేచి, వంగి, సముద్రం మీదికి వాలిపోయే వెలుగు గీత ఒకటి ఉంటుంది. దాని కింద చీకట్లో తాటిచెట్లో, మేడలో, పులికాట్ సరస్సు నీళ్ళో. రెండూ ఒకే ప్రయోగానివి, ఒకే రాత్రివి. కానీ మొదటిది సెకనులో వెయ్యోవంతులో తీసింది, రెండోది రెండు మూడు నిమిషాలు షట్టరు తెరిచి ఉంచి తీసింది. చూసేవాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టి 'అబ్బ, ఎంత బాగుందో' అంటారు. తీసేవాళ్ళకి మాత్రం ఇవి రెండు వేర్వేరు పనులు. ఒకటి బాగా వచ్చినవాళ్ళకి రెండోది రావాలని లేదు.

రాత్రి ప్రయోగాన్ని ఫొటో తీయడం కష్టం అనగానే చాలామంది చీకటి వల్ల కష్టమనుకుంటారు. వెలుతురు చాలదేమోనని ఐఎస్‌ఓ పెంచేస్తారు, పెద్ద అపర్చరు లెన్సు అద్దెకి తెచ్చుకుంటారు. నిజానికి ఇక్కడి ఇబ్బంది వెలుతురు ఎక్కువ కావడం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఒకే ఫ్రేములో కటిక చీకటీ, తేరిపార చూడలేని మంటా పక్కపక్కనే ఉండడం. ఫ్లడ్‌లైట్ల వెలుగులో నిలబడ్డ రాకెట్టుని మామూలు అపర్చరుతో తీయడానికి ఒక సెకను అటూ ఇటూ పడుతుందనుకోండి. ఇంజను అంటుకోగానే అదే అపర్చరుకి ఆ మంట సెకనులో వెయ్యోవంతు అడుగుతుంది. వెయ్యి రెట్ల తేడా అంటే ఫొటోగ్రాఫర్ల భాషలో పది స్టాపులు. ఇవాళ్టి మంచి కెమెరా సెన్సారు తక్కువ ఐఎస్‌ఓ దగ్గర పధ్నాలుగు స్టాపుల వరకూ పట్టగలదు కాబట్టి రా ఫైల్లో కొంత మిగులుతుంది, మన కంటికి మిగిలినంత మాత్రం మిగలదు. అందుకని ఏ పద్ధతిలో తీసినా ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. మంట నిలబెడితే రాత్రి పోతుంది. రాత్రిని నిలబెడితే మంట తెల్ల మచ్చ అయిపోతుంది. ఈ వ్యాసంలో ఒక్కో పద్ధతినీ అది దేన్ని వదులుకుంటుందో చూసి తూస్తాను.

ముందు మంట సంగతి. అన్ని రాకెట్ల మంటా ఒకేలా వెలగదు, ఈ మాట కెమెరా పుస్తకాల్లో దాదాపు కనిపించదు. పీఎస్‌ఎల్‌వీ మొదటి దశ ఘన ఇంధనంతో మండుతుంది, సుమారు 139 టన్నులు. ఆ ఇంధనంలో కలిపిన అల్యూమినియం పొడి వల్లే మంట అంత తెల్లగా, అంత తీవ్రంగా ఉంటుంది, వెనకాల అంత దట్టంగా తెల్ల పొగ వదులుతుంది. దాని ఎక్స్‌ఎల్ రకానికి పక్కన ఆరు చిన్న ఘన ఇంధన మోటార్లు కూడా ఉంటాయి. నాలుగు నేల మీదే అంటుకుంటాయి, మిగిలిన రెండు గాల్లో, 25 సెకన్లకి. ఎల్‌వీఎం3కి అటూ ఇటూ రెండొందల టన్నుల పైచిలుకు ఘన ఇంధనం ఉన్న రెండు బూస్టర్లు. లేచేటప్పుడు మండేవి అవి రెండే, మధ్యలోని ద్రవ ఇంధన దశ దాదాపు రెండు నిమిషాల దాకా అంటుకోదు. మనవాటన్నిట్లో కెమెరాని ఎక్కువ కంగారు పెట్టేది ఇదే. జీఎస్‌ఎల్‌వీ తీరు వేరు. పక్కనున్న నాలుగు ద్రవ ఇంధన మోటార్లు 4.8 సెకన్లు ముందే అంటుకుంటాయి, ఆ తర్వాతే మధ్యలోని ఘన మోటారు. ద్రవ ఇంధనపు మంట పలచగా, వెలిసినట్టుగా ఉంటుంది. ఆ అయిదు సెకన్ల మంటని చూసి ఎక్స్‌పోజరు సరిచేసుకున్నవాళ్ళు కౌంట్‌డౌన్ సున్నా దగ్గర దెబ్బతింటారు. ఒక్కసారిగా ఫ్రేమంతా తెల్లబడుతుంది. కిరోసిన్ వాడే ఫాల్కన్ 9 మంట నారింజ రంగు. హైడ్రోజన్‌ది నీలి ఛాయ, దాదాపు కనిపించదు. అమెరికావాళ్ళు రాసిన ఎక్స్‌పోజరు పట్టికల్ని తెచ్చి శ్రీహరికోటలో వాడితే కుదరకపోవడానికి కారణం ఇదే.

రాకెట్టుని కదలకుండా పట్టేసే మొదటి రకం ఫొటోకి వద్దాం. దీనికి నైపుణ్యం కన్నా ముందు కావాల్సింది దగ్గరితనం. చిన్న లెక్క వేస్తే తెలిసిపోతుంది. పీఎస్‌ఎల్‌వీ ఎత్తు 44 మీటర్లు. పదిహేను కిలోమీటర్ల దూరం నుంచి 400 ఎంఎం లెన్సుతో చూస్తే సెన్సారు మీద దాని బొమ్మ సుమారు 1.2 మిల్లీమీటర్లు. 24 మిల్లీమీటర్ల ఎత్తున్న ఫ్రేములో ఇరవయ్యో వంతు. అదే లెన్సు ఒక్క కిలోమీటరు దూరంలో పెడితే 17 మిల్లీమీటర్లు దాటి ఫ్రేములో ముప్పాతిక వంతు నిండుతుంది. శ్రీహరికోటకి దగ్గరి ఊరైన సూళ్లూరుపేట బయట నిలబడ్డవాడు రెండు లక్షల రూపాయల లెన్సు కొన్నా వేదిక దగ్గరి మామూలు లెన్సు ముందు ఓడిపోతాడు. పైగా అంత దూరం గాలి, అదీ పులికాట్ మీది తేమ గాలి, మధ్యలో ఆడుతూ ఉంటుంది. అందుకే ఈ తరహా ఫొటోలు మనకి దాదాపుగా ఇస్రో సొంత కెమెరాల నుంచే వస్తాయి. ఇది బయటి ఫొటోగ్రాఫర్ల చేతగానితనం కాదు, ప్రయోగ కేంద్రం భద్రతా నియమాలు గీసిన గీత. ఆ గీత ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. ఉన్నంతకాలం బయటివాళ్ళు రాకెట్టు దగ్గరి బొమ్మ కోసం పాకులాడడం వృథా అని నా అభిప్రాయం.

అమెరికాలో ఈ గీత వేరే చోట ఉంది. కెనడీ స్పేస్ సెంటర్లో విలేకరులు నిలబడే చోటు ప్రయోగ వేదికకి అయిదు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అంతకన్నా ముఖ్యం, ప్రయోగానికి ముందే వాళ్ళు తమ కెమెరాల్ని వేదిక దగ్గర, మనుషులెవ్వరూ ఉండకూడని చోట బిగించి రావచ్చు. ఇంజను మోతకి స్పందించే చిన్న పరికరం షట్టరు నొక్కుతుంది. మనిషి లేని చోట కెమెరా గంటలకొద్దీ కాసుకుని ఉండాలి. రాత్రయితే మంచు లెన్సు మీద పేరుకుంటుంది, దానికి వేడి పట్టీలు చుట్టాలి. ఫోకస్ రింగు కదలకుండా టేపు వేయాలి, ఇసుకా పొగా పడకుండా ప్లాస్టిక్ తొడగాలి. ఇంత చేసినా గ్యారంటీ లేదు. 2018 మేలో కాలిఫోర్నియాలోని వాండెన్‌బర్గ్‌లో జరిగిన పగటి ప్రయోగంలో నాసా ఫొటోగ్రాఫర్ బిల్ ఇంగాల్స్ కెమెరా ఒకటి కరిగి ముద్దయింది. విచిత్రం ఏమిటంటే అది ఆయన బాగా దూరంగా పెట్టినవాటిలో ఒకటి, వేదికకి సుమారు 400 మీటర్ల అవతల ఉన్నది. దగ్గరున్నవి క్షేమంగా ఉన్నాయి. దీనికి మాత్రం గడ్డి అంటుకుని మంట పాకింది. మెమరీ కార్డు బతికింది. ఆ ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి, మంట దగ్గరికొచ్చేది కూడా వాటిలో కనిపిస్తుంది.

మంటకీ చీకటికీ ఉన్న తేడాని ఒకే ఫ్రేములో ఇమిడ్చే పని మీద నాసా ప్రత్యేకంగా ఒక కెమెరానే తయారు చేసింది. హైడైర్స్-ఎక్స్ అని పేరు. వేర్వేరు ఎక్స్‌పోజర్లని ఏకకాలంలో తీసి కలుపుతుంది. 2016 జూన్‌లో యూటాలో పెద్ద ఘన ఇంధన బూస్టర్‌ని నేల మీద పడుకోబెట్టి పరీక్షించినప్పుడు దాన్ని వాడారు. మామూలు వీడియోలో వట్టి తెల్ల ముద్దగా కనిపించే మంటలో సుడులు, పొరలు, ఒక్కో పాయ విడిగా కనిపించాయి. బూస్టరు అదురుకి కెమెరా కరెంటు తీగ ఊడిపోయి ముందే ఆగిపోయింది. అయినా దొరికిన కాసింత వీడియో చూస్తే, మనం ఇన్నాళ్ళూ 'మంట' అనుకుని చూసింది సెన్సారు చేతులెత్తేసిన చోటు మాత్రమేనని అర్థమవుతుంది.

రెండో రకం, వెలుగు గీత. బయటివాడికి దొరికే ఫొటో ఇది, నా దృష్టిలో మంచి ఫొటో కూడా ఇదే. రాకెట్టు వదులుకుని దాని ప్రయాణాన్ని పట్టుకుంటుంది. సాంకేతికంగా చూస్తే చెప్పడానికి సులువు: గట్టి ట్రైపాడ్, వెడల్పు లెన్సు, ఐఎస్‌ఓ 100, ఎఫ్ 11 నుంచి ఎఫ్ 22 మధ్య ఏదో ఒక అపర్చరు, షట్టరుని కావలసినంతసేపు తెరిచి ఉంచే బల్బ్ మోడు, కేబుల్ రిలీజు. కౌంట్‌డౌన్ సున్నాకి రెండు మూడు సెకన్ల ముందు తెరిచి, రాకెట్టు చుక్కయ్యేదాకా ఉంచి మూయాలి. చీకట్లో కెమెరా దానంతటది ఫోకస్ చేయలేదు కాబట్టి ముందే ఏదో నక్షత్రం మీదో, దూరపు ఫ్లడ్‌లైటు మీదో చేతితో ఫోకస్ చేసి వదిలేయాలి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ అనే సౌకర్యాన్ని ఆపేయాలి. లేకపోతే మూడు నిమిషాల ఫొటో తర్వాత కెమెరా ఇంకో మూడు నిమిషాలు తనలో తాను గొణుక్కుంటూ కూర్చుంటుంది.

చేయడానికి వచ్చేసరికి సులువు ఎగిరిపోతుంది. సెన్సారు మీద ఒక్కో చుక్కకి పడే వెలుతురు రాకెట్టు ఎంత తెల్లగా మండుతోందన్న దాని మీదే కాదు, ఆ చుక్క దగ్గర ఎంతసేపు ఉందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. లేచేటప్పుడు రాకెట్టు నెమ్మది. వేదిక మీంచి నాలుగు తాటిచెట్ల ఎత్తు లేవడానికే కొన్ని సెకన్లు పడతాయి. అందుకే గీత కింది భాగం మందంగా మాడిపోతుంది, పొగ అంతా వెలిగి పక్కలకి పాకుతుంది. పైకి పోయేకొద్దీ వేగం పెరిగి, దూరం పెరిగి గీత సన్నబడుతుంది. ఒకే అపర్చరుతో రెండు చివరలకీ న్యాయం చేయడం కుదరదు. పాత ఫొటోగ్రాఫర్లు నల్ల అట్టముక్క పట్టుకుని మొదటి సెకన్లలో లెన్సు కింది భాగాన్ని కప్పి, రాకెట్టుతోపాటు నెమ్మదిగా పైకి జరిపేవాళ్ళు. ఇప్పటికీ ఇంతకన్నా చవకైన, నమ్మదగిన ఉపాయం లేదు. కొందరు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు వాడతారు. కొందరు ఒకే పెద్ద ఎక్స్‌పోజరు బదులు పది పదిహేను సెకన్ల ఫ్రేములు వరసగా తీసి తర్వాత కలుపుతారు. ఒలింపస్ కెమెరాల్లో లైవ్ కాంపోజిట్ అనే సౌకర్యం ఈ కలిపే పనిని కెమెరాలోనే చేస్తుంది. కొత్తగా వెలిగిన చోటునే చేర్చుకుంటూ పోతుంది, నగర దీపాలు మాడిపోవు. చెన్నై డాబాల మీంచి తీసేవాళ్ళకి ఇది వరం.

ఈ గీతలో చదవడం నేర్చుకుంటే చాలా ఉంది. ఎక్స్‌ఎల్ రకం పీఎస్‌ఎల్‌వీ అయితే 70 సెకన్ల ప్రాంతంలో నేల మీద అంటుకున్న నాలుగు మోటార్లూ విడిపోతాయి. ఆకాశం శుభ్రంగా ఉంటే నిప్పుకణికల్లాంటి చుక్కలు ప్రధాన గీత నుంచి వేరుపడడం కనిపిస్తుంది. 110 సెకన్ల దగ్గర మొదటి దశ పని అయిపోతుంది. అక్కడ తెల్ల గీత ఆగి, చిన్న ఖాళీ వచ్చి, ఆ తర్వాత ద్రవ ఇంధనపు రెండో దశ తాలూకు సన్నని, వెలిసిన గీత మొదలవుతుంది. చాలా ఫొటోల్లో ఈ రెండో గీత ఉండదు, తీసినవాడు మంట ఆరిందనుకుని షట్టరు మూసేయడం వల్ల. ఇంకో నిమిషం ఓపిక పడితే ఉండేది. సూళ్లూరుపేట వైపు నుంచి తూర్పుకి తిరిగి చూస్తే, ధ్రువ కక్ష్యకి వెళ్ళే రాకెట్టు గీత కుడివైపుకి, ఆగ్నేయానికి ఒరుగుతుంది. శ్రీలంకని తప్పించుకున్నాకే దక్షిణానికి తిరగాలి కాబట్టి అది మొదటినుంచీ సూటిగా దక్షిణం వైపు పోదు. చెన్నైలో నిలబడ్డవాళ్ళకి అదే రాకెట్టు ఉత్తరాన లేచి, తూర్పు సముద్రం మీదుగా కుడికి సాగిపోతుంది. భూస్థిర కక్ష్య కోసం నేరుగా తూర్పు వైపు పోయేవైతే, పోనుపోనూ దూరమై తిరిగి నేలకి వంగుతున్నట్టు కనిపిస్తాయి. అది పడిపోవడం కాదు, భూమి గుండ్రంగా ఉండడం వల్ల కలిగే భ్రమ. కంగారుపడి ఫోన్లు చేసేవాళ్ళు ప్రతిసారీ ఉంటారు.

నేలనుంచి తీసిన ఫొటో శాస్త్రానికి పనికొచ్చిన సందర్భం మన దగ్గరే ఉంది, అదీ మొట్టమొదటిసారే. 1963 నవంబర్ 21 సాయంత్రం 6.25కి కేరళలోని తుంబా నుంచి లేచిన అమెరికన్ నైకీ-అపాచీ రాకెట్టులో ఫ్రాన్స్ తయారీ సోడియం ఆవిరి పరికరం ఉంది. నేల మీద చీకటి పడుతూ, పైన ఇంకా ఎండ ఉన్న వేళ చూసి మరీ వదిలారు. పైకి పోయాక వదిలిన సోడియం ఎండకి నారింజ పసుపు రంగులో వెలిగి మేఘంలా పరుచుకుంది. వేర్వేరు ఊళ్ళ నుంచి కెమెరాలతో దాన్ని తీసి, ఒక్కో చోటి నుంచి కనిపించిన కోణాన్ని లెక్కగట్టి, అంత ఎత్తులో గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో తేల్చారు. భారతదేశపు అంతరిక్ష చరిత్రలో తొలి ప్రయోగం ఒక రకంగా సంధ్యవేళ ఫొటోగ్రఫీ కార్యక్రమం. రాకెట్టు ఫొటోలు తీసే మన కుర్రాళ్ళలో ఈ విషయం ఎంతమందికి తెలుసో గానీ, తెలియాల్సిన విషయం.

అమెరికాలో మనుషులతో తొలి రాత్రి ప్రయోగం అపోలో 17. 1972 డిసెంబర్ 7, అర్ధరాత్రి దాటి 12.33. రాత్రి 9.53కి వెళ్ళాల్సింది, కౌంట్‌డౌన్ యంత్రాంగంలో లోపం వల్ల 2 గంటల 40 నిమిషాలు ఆలస్యం. ఫిల్ముతో తీసినవాళ్ళు ఆ ఆలస్యమంతా కెమెరా పక్కనే కాచుకున్నారు. ఫిల్ముకి ఇంకో తలనొప్పి ఉండేది. ఎక్స్‌పోజరు నిమిషాల్లోకి పోతే దాని స్పందన తగ్గిపోతుంది, లెక్క ప్రకారం రావాల్సినంత వెలుతురు నమోదు కాదు. స్పేస్ షటిల్ రాత్రిపూట తొలిసారి వెళ్ళింది 1983 ఆగస్టు 30న, ఎస్‌టీఎస్-8. దాని ఘన బూస్టర్ల మంట, ప్రధాన ఇంజన్ల దాదాపు కనిపించని మంట పక్కపక్కనే ఉండేవి. ఎల్‌వీఎం3 తీసే మనవాళ్ళు నేర్చుకోవాలంటే అపోలోని తీసుకెళ్ళిన సాటర్న్ రాకెట్టు ఫొటోల కన్నా షటిల్ ఫొటోలు చూడడం మేలు.

ఎప్పుడు తీయాలన్నది ఫొటోగ్రాఫరు చేతిలో లేదు. దారి చూపే నావిక్ ఉపగ్రహాలు వెళ్ళిన వేళలు చూడండి: 2013 జులై 1న రాత్రి 11.41, 2014 అక్టోబర్ 16న తెల్లవారుజామున 1.32, 2018 ఏప్రిల్ 12న వేకువ 4.04. కక్ష్య ఏ తలంలో ఉండాలో దాన్ని బట్టి గడియారం నడుస్తుంది, మన సౌకర్యాన్ని బట్టి కాదు. చివరి నిమిషంలోనూ మారుతుంది. 2024 డిసెంబర్ 30న స్పేడెక్స్‌ని తీసుకెళ్ళిన పీఎస్‌ఎల్‌వీ-సీ60కి ముందు చెప్పిన సమయం రాత్రి 9.58, లేచింది 10 గంటల 15 సెకన్లకి. 2023 జులైలో పీఎస్‌ఎల్‌వీ-సీ56ని కక్ష్యలోని ఇతర వస్తువుల్ని తప్పించడానికి ఒక్క నిమిషం ఆపారు. అందుకే పాత ప్రకటన చూసి టైమర్ పెట్టుకున్నవాళ్ళ కన్నా ఇస్రో ప్రత్యక్ష ప్రసారం చెవిలో పెట్టుకున్నవాళ్ళకే ఫొటో దక్కుతుంది. అయితే ప్రసారం కొన్ని సెకన్లు ఆలస్యంగా వస్తుందన్నది గుర్తుంచుకోవాలి, కన్ను తూర్పు మీదే ఉండాలి. ఇక 2019 జులై 15న చంద్రయాన్-2 విషయంలో ఏమైందో తెలిసిందే. వేకువ 2.51కి లేవాల్సింది, 56 నిమిషాల 24 సెకన్లు మిగిలి ఉండగా ఆపేశారు. వారం తర్వాత పట్టపగలు 2.43కి వెళ్ళింది. అంత పెద్ద రాత్రి ఫొటో మనకి లేకుండా పోయింది.

చంద్రుడి మాట తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు, పంచాంగం చాలు. సీ60 వెళ్ళింది అమావాస్య రాత్రి. పులికాట్ మీద గీత తప్ప ఏమీ కనిపించని నలుపు. 2019 జనవరి 24న రాత్రి 11.37కి వెళ్ళిన సీ44 నాడు బహుళ చవితి, తూర్పున చంద్రుడు పైకి వచ్చేసి ఉన్నాడు. మూడు నిమిషాల ఎక్స్‌పోజరులో ఆకాశం నీలంగా, నీళ్ళు వెండిగా వస్తాయి, గీత కొంత పలచబడుతుంది. 2022 అక్టోబర్ 23న అర్ధరాత్రి 12.07కి 36 వన్‌వెబ్ ఉపగ్రహాలతో ఎల్‌వీఎం3 వెళ్ళింది, దీపావళికి ముందురోజు. చంద్రుడు లేడు, ఉన్నదల్లా అన్నిటికన్నా తెల్లటి మంట. ఆ రాత్రికి ఎఫ్ 22 కూడా ఎక్కువేం కాదు. చంద్రుడి కన్నా పెద్ద శత్రువు మేఘం. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల కాలం. కానీ పలచని మేఘాన్ని నేను శత్రువు అనను. రాకెట్టు దాంట్లోకి దూరగానే మేఘమంతా లోపలినుంచి వెలుగుతుంది, అది గీతలో మెత్తటి ముడిలా పడుతుంది.

ఇక రాత్రికీ పగలుకీ మధ్యనుండే కొద్ది నిమిషాలు. నేల మీద చీకటి, పైన ఎండ. అప్పుడు వెళ్ళిన రాకెట్టు పొగ, వాయువులు పైకి పోయి ఎండ తగిలి, ఆకాశంలో విచ్చుకున్న తెల్ల గొడుగులా కనిపిస్తాయి. 2017 డిసెంబర్ 22 సాయంత్రం వాండెన్‌బర్గ్ నుంచి వెళ్ళిన ఫాల్కన్ 9ని చూసి లాస్ ఏంజెలెస్‌లో జనం గ్రహాంతరవాసులనుకుని హడలిపోయారు. లెక్క ఇలా ఉంటుంది: సూర్యుడు క్షితిజానికి తొమ్మిది డిగ్రీల కింద ఉంటే భూమి నీడ మన నెత్తిమీద సుమారు 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆ ఎత్తు దాటినదంతా ఎండలో ఉన్నట్టే. శ్రీహరికోటకి ఇక్కడొక ప్రత్యేకత ఉంది. మన రాకెట్లు తూర్పు సముద్రం మీదికి పోతాయి. సాయంత్రం అయితే సూర్యుడికి వీపు చూపించి నీడలోకి పారిపోతాయి. వేకువ అయితే సూర్యుడికి ఎదురెళ్తాయి, తొందరగా ఎండలోకి చేరతాయి. కాబట్టి ఈ దృశ్యం కోసం మన తీరంలో సాయంత్రం కన్నా వేకువే మంచిది. 2022 ఫిబ్రవరి 14న ఉదయం 5.59కి వెళ్ళిన సీ52 సరిగ్గా అలాంటిది, సూర్యోదయానికి ఇంకా అరగంట ఉంది. అదే 5.59కి 2025 మే 18న వెళ్ళిన సీ61కి అప్పటికే పొద్దు పొడిచేసింది. గడియారంలో సమయం ఒకటే, ఫొటో మాత్రం వేరు.

ఆ సీ61 గురించే ఇంకో మాట. అది విఫలమైంది, మూడో దశలో ఒత్తిడి పడిపోయి. 2021 ఆగస్టు 12 వేకువ 5.43కి వెళ్ళిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్10లో క్రయోజనిక్ దశ అంటుకోలేదు. 2017 ఆగస్టు 31న రాత్రి ఏడింటికి వెళ్ళిన సీ39లో ఉష్ణకవచం ఊడలేదు. మూడింట్లోనూ నేలనుంచి కెమెరా చూడగలిగినంత మేరా అంతా సవ్యంగా జరిగింది. ఆ ఫొటోలు గెలుపు ఫొటోల పక్కన పెడితే ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. కెమెరాకి చిక్కేది మొదటి రెండు మూడు నిమిషాలు మాత్రమే, ప్రయోగం తేలేది ఆ తర్వాత. ఫొటో కింద తేదీ, రాకెట్టు పేరు, ఫలితం రాయడం అందుకే అవసరం. అందమైన గీతని విజయపు గుర్తుగా వాడేసే అలవాటు మన పత్రికలకి ఉంది. సీ39 గీత ఎక్కడైనా 'ఇస్రో ఘనవిజయాలు' పేజీలో కనిపించినా నేను ఆశ్చర్యపోను.

కలిపి కుట్టిన ఫొటోల వివాదం కూడా ఇక్కడే. ఒకే ట్రైపాడ్ మీద, ఒకే రాత్రి, వరసగా తీసిన ఫ్రేముల్ని కలిపితే నాకేమీ అభ్యంతరం లేదు, అలాగని చెబితే చాలు. వేదిక వివరాలకి ఒక ఫ్రేము, మంటకి ఒకటి కలపడం కూడా ఆ కోవలోదే. కానీ ఇంకో నెలలో తీసిన నిండు చంద్రుణ్ణి తెచ్చి అమావాస్య నాటి గీత పక్కన అతికించడం వేరు. తిథి తెలిసినవాడు చూస్తే దొరికిపోయే అబద్ధం అది.

ఫోన్లతో తీసేవాళ్ళే అన్నిటికన్నా ఎక్కువ, వాళ్ళకి ఒక్కటే చెబుతాను. నైట్ మోడు ఆపేయండి. అది చీకటిని వెలిగించడానికి అనేక ఫ్రేముల్ని కలుపుతుంది, కదిలే మంట దానికి అర్థం కాదు. వీడియో పెట్టి, దూరపు దీపం మీద వేలు నొక్కి ఫోకస్, ఎక్స్‌పోజరు లాక్ చేసి, వెలుతురు స్లైడర్‌ని బాగా కిందికి దించండి. స్క్రీన్ నల్లగా కనిపించాలి. అప్పుడే మంటకి ఆకారం వస్తుంది. మోత వినిపించేదాకా వీడియో ఆపకండి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు నడుస్తుంది, ఏడు కిలోమీటర్ల దూరానికి ఇరవై సెకన్లు, సూళ్లూరుపేట దగ్గర ముప్పావు నిమిషం పైన. మంటకీ మోతకీ మధ్య ఆ నిశ్శబ్దంలో జనం అరుపులు, కేకలు మాత్రమే వినిపిస్తాయి. ఫోన్ వీడియోలో నాకు నచ్చేది అదే, కెమెరా ఫొటోకి దొరకనిది.

జనం అన్నాక, ఈ ప్రక్రియలో మనవాళ్ళు వదిలేస్తున్నది అదేనని చెప్పాలి. 2019 మార్చి చివర తెరిచిన సందర్శకుల గ్యాలరీలో వేలమంది కూర్చునే వీలుంది. రాత్రి ప్రయోగానికి పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు, సరస్సు మధ్య రోడ్డు మీద బండి ఆపేవాళ్ళు, ఆ రోజు సముద్రానికి పోవద్దన్నారని పడవలు ఒడ్డున కట్టేసి కూర్చున్న జాలర్లు. మంట అంటుకున్న క్షణంలో వాళ్ళ మొహాలన్నీ ఒక్కసారిగా తెల్లగా వెలుగుతాయి. ఫొటోగ్రాఫరుకి అంత పెద్ద ఫ్లాష్ ఎవరూ ఉచితంగా ఇవ్వరు. అయినా కెమెరాలన్నీ తూర్పుకే తిరిగి ఉంటాయి, పడమటికి తిరిగేవి ఏ ఒకటో రెండో. రాకెట్ కేంద్రం రాకముందు ఆ దీవిలో తరతరాలుగా బతికింది యానాదులు. ఆ వెలుగులో వాళ్ళ మొహాలున్న ఫొటో నేను ఇంతవరకూ చూడలేదు. ఫ్లోరిడాలో లాగూన్ నీళ్ళలో గీత ప్రతిబింబం అన్నది ఎంతోమంది తీసి అరిగిపోయిన ఫొటో. పులికాట్‌కి ఆ నీళ్ళూ ఉన్నాయి, చలికాలం రాజహంసలూ ఉన్నాయి. డ్రోను ఎగరేయాలని మాత్రం అనుకోకండి, అది పోలీసు కేసు అవుతుంది.

ఇకముందు ఈ తీరపు లెక్కలు కొన్ని మారతాయి. తమిళనాడులోని కులశేఖరపట్టణంలో చిన్న రాకెట్ల కోసం కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగింది. అక్కడి నుంచి శ్రీలంకని తప్పించుకునే మలుపు లేకుండా నేరుగా దక్షిణానికి పోవచ్చు. గీత ఒడ్డు వెంట ఒరగకుండా సముద్రం లోపలికి దూరమవుతుంది. పైగా అక్కడ లేచేది ఎస్‌ఎస్‌ఎల్‌వీ, 34 మీటర్లు, సుమారు 120 టన్నులు. శ్రీహరికోట నుంచి దాని మొదటి మూడు ప్రయోగాలూ ఉదయం తొమ్మిదింపావు ప్రాంతంలోనే జరిగాయి, కాబట్టి రాత్రి దాని మంటకి ఏ ఎక్స్‌పోజరు పెట్టాలో ఆ మూడింటి నుంచి నేర్చుకోవడానికి ఏమీ లేదు. పీఎస్‌ఎల్‌వీకి కుదిరిన ఎఫ్ 16 దగ్గర మొదలుపెట్టి, ఒక స్టాపు తెరిచి చూడడం నా సలహా. ఇంకొకటి కూడా: ఎస్‌ఎస్‌ఎల్‌వీకి మొదటి మూడు దశలూ ఘన ఇంధనమే. మొదటి దశ ఆరి గీత తెగిన చోట షట్టరు మూసేయకూడదు. పీఎస్‌ఎల్‌వీలో లాగ వెలిసిన గీత కాకుండా, అక్కడ మళ్ళీ తెల్లటి గీతే మొదలవ్వాలి.